రంగం కారు వెనక ఇరుసు

బావ పోయాడన్న కబురు తెచ్చినవాడు రామయ్యపట్నం మనిషి. రంగూన్ నుంచి ఓడలో వచ్చి, గోపాల్‌పూర్ ఇసకలో దిగి, మూట నెత్తిన పెట్టుకుని నేరుగా బరంపురం గోసాని నువాగాంలో మా ఇంటికి నడిచి వచ్చాడు. అప్ప పెరట్లో చేపలు ఎండబెడుతోంది. అప్ప అంటే మా అక్క. వచ్చినవాడు తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకు నిలబడ్డాడు. అది చూసి అప్ప చేతిలోని చేపను నెమ్మదిగా చాప మీద పెట్టింది.

"ఏటయినాది?" అంది.

"జొరం తల్లీ. మిల్లు కూలీలుండే బారకాసులో సానామందికొచ్చింది. మిగతావోలికి తగ్గింది."

"పోయినప్పుడు పక్కనెవులున్నారు?"

అతను తలగుడ్డను ఇటూ అటూ తిప్పాడు. "అందరం పన్లోకెల్లిపోనాం," అన్నాడు.

అప్ప లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అతను తాగి, చెంబు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చుని బావ మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాను. మొహం రాలేదు. పాదాలు వచ్చాయి. కారు కిందనుంచి బయటికి చాపుకున్న రెండు పాదాలు, మడమలు పగిలి, పగుళ్ళలో నల్లనూనె ఇంకిపోయి. మా ఇంటికి ఎవరొచ్చినా ఆ పాదాలతోనే మాట్లాడేవారు. అడిగిన మాట ఆయనకు నచ్చితే బొటనవేలు ఆడేది. నచ్చకపోతే ఒక పాదం మీద ఇంకోటి వేసుకునేవాడు. అప్ప గంజి తెచ్చి ఆ పాదాల పక్కన పెట్టి, మడమ మీద వేలితో తట్టి వెళ్ళిపోయేది.

"ఎంతవరకొచ్చింది బావా?" అని నేను అడిగితే, "ఐపోనట్టే," అని కిందనుంచి వినిపించేది. వెనక ఇరుసు ముక్కలు ముక్కలై పెరడంతా పరిచి ఉన్నప్పుడు కూడా అదే మాట. అబద్ధం చెబుతున్నాడని ఎప్పుడూ అనిపించలేదు. ఆయన కళ్ళకి ఆ ముక్కలన్నీ ఒకచోట చేరినట్టే కనిపించేవేమో.

మా జిల్లా మద్రాసు కింద ఉన్న రోజులు అవి. నేను బరంపురం బజారులో ఒక అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాణ్ణి. మా నాన్న ఎండుచేపల వ్యాపారం చేసి పోయాక ఆ ఇంట్లో అప్పా నేనూ మిగిలాం. బావది రామయ్యపట్నం, సముద్రం మీద బతికే కుటుంబం. మీసాలు సరిగా రాకముందే ఊరివాళ్ళతో కలిసి రంగూన్ వెళ్ళాడు. మా వైపు దాన్ని రంగం అంటారు. పెళ్ళికి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. అప్పుడప్పుడు వచ్చేవాడు, కొన్నాళ్ళుండి వెళ్ళేవాడు. మొదట బియ్యపు మిల్లులో మూటలు మోశాడు, ఆ తర్వాత యజమాని కారు నడిపాడు. యజమాని కొత్త కారు కొనుక్కుని పాతదాన్ని ఆయనకు ఇచ్చేశాడట. బావ దాన్ని అక్కడ అమ్ముకోకుండా ఓడెక్కించి తీసుకొచ్చాడు. బరంపురంలో కిరాయికి తిప్పుకుంటే మళ్ళీ రంగం వెళ్ళక్కరలేదని ఆయన ఆలోచన.

గోపాల్‌పూర్‌లో ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా లోతులో నిలబడుతుంది. మనుషులైనా మూటలైనా పడవల మీద అలలు దాటి రావాల్సిందే. బావ అన్నదమ్ములు రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన పలకలు పరిచి, కారును తాళ్ళతో బిగించి తెచ్చారు. చివరి అల దగ్గర పడవలు అడ్డం తిరిగాయి. కారు వెనకభాగం జారి నీళ్ళలో కూరుకుపోయింది. ముందు దీపాలు రెండూ ఆకాశం వైపు చూస్తున్నాయి. అలలు తగ్గేదాకా ఊరంతా తాళ్ళు పట్టుకుని నిలబడ్డాం. బావ మాత్రం నడుములోతు నీళ్ళలో, వెనక చక్రం మీద చెయ్యి వేసి, పశువును ఊరుకోబెడుతున్నట్టు నిమురుతూ ఉన్నాడు.

ఇంటికి తెచ్చాక వీధి బావిలోని నీళ్ళన్నీ తోడి కడిగాడు. పక్కింటివాళ్ళు దెబ్బలాటకు వచ్చారు. పైన కడిగితే ఏం లాభం, ఇరుసు మధ్యలో కుండలాంటి ఇనపగుల్ల ఉంటుంది, పళ్ళచక్రాలు అందులో నూనెలో తిరుగుతాయి. ఉప్పూ ఇసకా అందులోకి చేరాయి.

అయినా కొన్ని నెలలు ఆ కారు తిరిగింది. గుడ్డటాపు కారు, అప్పటికే పాతబడ్డది. ప్లీడర్లను గోపాల్‌పూర్ గాలికి తీసుకెళ్ళేవాడు, పెళ్ళివాళ్ళను ఛత్రపురం తీసుకెళ్ళేవాడు. ఆ రోజుల్లో బావ ఖాకీ చొక్కా గంజి పెట్టించుకుని తొడిగేవాడు, ఇంటికొచ్చి అది విప్పి వంకీకి తగిలించి, దాని వైపు చూసుకుంటూ అన్నం తినేవాడు. అప్ప ఒక్కసారి కూడా ఆ కారెక్కలేదు. కిరాయికి ఉన్నది కదా, ఖాళీ అయినప్పుడు చూద్దాం అనేది.

ఆయన దగ్గర పొడుగాటి ఇనపకడ్డీ ఒకటి ఉండేది. ఒక కొస ఇంజనుకు ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. లోపలి జబ్బు వినిపిస్తుందట. తర్వాత అదొక అలవాటైపోయి నీళ్ళకుండకూ గోడకూ కూడా పెట్టేవాడు. ఒకసారి మా అచ్చాఫీసుకు వచ్చి అచ్చుయంత్రానికి పెట్టి, "దీనికి ఎడంపక్క ఏదో బాదున్నాది," అన్నాడు. మా యజమాని కంగారుపడి యంత్రం విప్పించాడు. ఏ బాధా లేదు. అది ఇప్పటికీ బాగానే నడుస్తోంది. బావ మేస్త్రీ కాడు, డ్రైవరు. మరమ్మతు చేసేవాళ్ళ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే ఆయన పని.

కొన్నాళ్ళకి కారు వెనకనుంచి కూత మొదలైంది. సన్నగా, ఏడుపు ఆపుకుంటున్న పిల్లలా. ఒకనాడు ఛత్రపురం దాటాక ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైంది. ఇంజను తిరుగుతూనే ఉంది, చక్రాలు ఆగిపోయాయి. ఇరుసు కడ్డీ విరిగింది. ఎక్కినవాళ్ళు దిగి తిట్టుకుంటూ బళ్ళు చూసుకుని వెళ్ళిపోయారు. బావ ఒక రైతు దగ్గర ఎడ్లు మాట్లాడి కారుకు కట్టించాడు. బరంపురం బజారు నడుమనుంచి ఎడ్లు కారును లాక్కొచ్చాయి. ఎవరో ఒకరు కారు తిప్పే చక్రం పట్టుకోవాలి కాబట్టి ఆయనే కూర్చున్నాడు. నేను అచ్చాఫీసు గుమ్మంలోంచి చూశాను. అటూ ఇటూ జనం నవ్వుతుంటే, గంజిపెట్టిన చొక్కాలో, రోడ్డు మీద చాలా రద్దీ ఉన్నట్టు ముందుకే చూస్తూ పోయాడు.

కొత్త ఇరుసు మద్రాసు నుంచి తెప్పించుకునే తాహతు మాకు లేదు. ఒక జమీందారు గారి గుర్రపుసాలలో ఏళ్ళుగా పడివున్న కారొకటి ఉందని విని బావ అక్కడికి వెళ్ళాడు. మేనేజరు గారి వరండాలో కూర్చునేవాడు, పొద్దుగూకితే తిరిగొచ్చేవాడు, మళ్ళీ వెళ్ళేవాడు. చివరికి వాళ్ళే విసిగి వెనక ఇరుసు విప్పుకు పొమ్మన్నారు. ఎద్దుబండికి అడ్డంగా వేసుకుని తెచ్చాడు. రెండు కొసలూ బండికి రెండువైపులా పొడుచుకువచ్చి, ఎదురొచ్చే బళ్ళన్నీ రోడ్డు దిగి దారివ్వాల్సి వచ్చింది. ఆ రోజు ఆయన నడకలో ఊరేగింపు ముందు నడిచే పెద్దమనిషి దర్జా ఉంది.

తెచ్చి చూస్తే అది వేరే జాతి కారుది. జానెడు పొడుగెక్కువ. స్ప్రింగు కమానులు కూర్చునే చోటు వేరు, బ్రేకు కడ్డీలు అందవు. పాత ఇరుసు దించి దీన్ని ఎక్కించాలంటే సగం కారు మళ్ళీ చెయ్యాలి. ఒరియా కమ్మరి ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, "హెబొ నాహి, బాబు," అన్నాడు, కుదరదని.

"హెబొ," అన్నాడు బావ. కుదురుతుంది, అంతే.

కారు వెనకభాగాన్ని దుంగల మీదికి ఎత్తి పాత ఇరుసు విప్పాడు. విప్పిన బోల్టులూ నట్లూ జాతి ప్రకారం కొబ్బరిచిప్పల్లో పెట్టాడు. పెరడంతా కొబ్బరిచిప్పలే. ఏ చిప్ప దొర్లుతుందోనని అప్ప చీపురు మాని ఆకుల్ని చేత్తో ఏరేది. మా వంటగిన్నెలు ఒక్కొక్కటే కిరసనాయిలుతో నిండి పెరట్లోకి పోయాయి. అప్ప విసుక్కోలేదు. ఆమెకు తెలుసు, రంగం మేస్త్రీ వీధిలో తిరుగుతున్నాడు. కూలీలను ఓడెక్కించే మనిషి. వానలు పడితే సముద్రం పొంగి ఓడలు నిలబడవు. ఈలోగా ఒక ఓడ వస్తుంది. మిల్లులో చోటుందని ఆయన బావకు కబురంపాడు. పైగా అప్పటికి బస్సులు వచ్చేశాయి. ఛత్రపురం వెళ్ళేవాళ్ళు బస్సెక్కుతున్నారు. కారు తొందరగా లేవకపోతే ఆ కొద్దిపాటి బేరమూ పోతుంది.

ఒక మధ్యాహ్నం నేను ఆ పాదాల దగ్గర కూర్చుని అడిగాను. "బావా, మళ్ళీ రంగం ఎల్లాలేటి?"

పాదాలు ఒకదాని మీదొకటి వేసుకున్నాయి. నేను లేవబోయాను.

"తొలిసారి ఎల్లినప్పుడు," అన్నాడు కారు కిందనుంచి, "బారకాసులో ఒక సాప మీద ఇద్దరికి వంతు. నాను లేసి పన్లోకెల్తే, పన్లోంచొచ్చినోడు తొంగుంతాడు. ఆడు లేస్తే నాను. ఎప్పుడు తొంగున్నా ఆ సాప యెచ్చగానే ఉండీది. ఇంకోడి ఒంటి యేడి." పానా ఇనుము మీద కిర్రుమంది. "ఇంటికొచ్చి ఇక్కడ తొంగున్నాక సాప సల్లగా తగిలింది. అప్పుడనుకున్నాను, ఇంక ఎల్లకూడదని. అంతే. ఆ పెద్ద పానా ఇలాగియ్యి."

రంగం గురించి ఆయన నాతో చెప్పింది అదొక్కటే.

ఇరుసు ఎక్కిన రోజు పొద్దున వీధివీధంతా మా పెరటి కంచె దగ్గర చేరింది. వెనక చక్రాలు మడ్‌గార్డులు దాటి బయటికి పొడుచుకువచ్చి, కారు ఎగరబోయే కప్పలా ఉంది. అప్ప ముందు రేకు మీద కుంకుమ పెట్టింది. బావ చొక్కా తొడుక్కుని ఎక్కాడు. ఇంజను అందుకుంది. మొదటి గేరు వేశాడు.

కారు వెనక్కి పోయింది. కంచెను పడగొట్టుకుని పక్కింటి పిడకల గోడను గుద్ది ఆగింది. బావ గేరు మార్చాడు. ఇంకా వేగంగా వెనక్కి పోయింది. ఏ గేరు వేసినా వెనక్కే. ఆఖరికి వెనక్కి పోయే గేరు వేశాడు, కారు వినయంగా ముందుకొచ్చి తన చోట నిలబడింది. కడిగి తిరిగి బిగించేటప్పుడు గుల్లలోని పెద్ద పళ్ళచక్రాన్ని ఒక పక్క కూర్చోబెట్టవలసింది రెండోపక్క కూర్చోబెట్టాడు. దాంతో నడకంతా తిరగబడింది.

జనం కడుపులు పట్టుకుని నవ్వారు. పిడకలు పోయిన ముసలమ్మ కూడా నవ్వింది. అప్పకు నవ్వాగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. ఆమె అలా నవ్వడం పెళ్ళయ్యాక నేను చూడలేదు. బావ చక్రం పట్టుకుని కూర్చుని ఆమె వైపే చూశాడు. ఆయన నవ్వలేదు. కానీ ఇంజను ఆపడానికి తొందరపడలేదు.

జనం వెళ్ళాక చొక్కా విప్పి మళ్ళీ కారు కిందికి దూరాడు.

రెండోసారి కారు ముందుకే కదిలింది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, బావ దిగి అప్పతో, "ఎక్కు, రంభ దాకా ఎల్దాం," అన్నాడు. కిరాయి ఎవరిదని అడగబోయింది అప్ప. "ఎవుల్దీ కాదు," అన్నాడు.

అప్ప పట్టుచీర కట్టుకుని ముందు కూర్చుంది. నేను వెనక. రోడ్డంతా అప్ప ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారా అని చూస్తూ కూర్చుంది. రంభ దగ్గర చిల్కా సరస్సు ఒడ్డున దిగాం. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడింది. రొయ్యలు బేరమాడి, మన సముద్రం రొయ్యకున్న రుచి దీనికి రాదని అమ్మేవాడితో చెప్పి కొనకుండా వచ్చేసింది. బావ ఒడ్డున కూర్చుని ఆమెను చూస్తూ బీడీ తాగాడు. ఆయనకు అప్పట్లో ఎంత వయసో నాకు తెలియదు. ఆ పూట మాత్రం కుర్రవాడిలా ఉన్నాడు.

తిరుగుదారిలో హుమ్మ ఊరి ఉప్పుమడులు దాటుతుంటే నా కిందనుంచి కూత మొదలైంది. సన్నగా. నేను కూర్చున్నది సరిగ్గా ఇరుసు మీద. జమీందారు గారి ఇరుసులో పెద్ద చక్రం వాళ్ళది, దాన్ని తిప్పే చిన్నచక్రం మాత్రం బావ మా పాత ఇరుసులోంచి తీసి వేసింది. రెండింటి పళ్ళూ ఒకదాన్నొకటి ఒప్పుకోవడం లేదు. అవి అరిగిపోవడం మొదలైంది, ఇక ఆగదు.

అదే సమయంలో బావ మాట్లాడటం మొదలుపెట్టాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి, దారి పొడుగునా మాట్లాడాడు. ఏ ఊరు ఎవరిది, ఏ మలుపులో ఎవరిని ఎక్కించుకున్నాడు, ఏ ప్లీడరు కారులో వాంతి చేసుకున్నాడు. అప్ప కూడా గొంతు పెంచి మాట్లాడింది. రొయ్యల గురించి, పక్కింటి పిడకల గురించి. ఇద్దరూ గాలికి పోటీగా అరుచుకుంటూ నవ్వుకుంటూ బరంపురం చేరారు. వాళ్ళకు వినిపించలేదేమో అనుకున్నాను.

మర్నాడు బావ కారు కిందికి వెళ్ళలేదు. కడ్డీ తీసి ఇరుసుకు ఆనించి చెవి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత కొబ్బరిచిప్పలన్నీ ఏరి ఒకదానిలో ఒకటి పేర్చి గోడవారగా పెట్టాడు. గిన్నెలు తోమి అప్పకు ఇచ్చాడు. సాయంత్రం రంగం మేస్త్రీ ఇంటికి వెళ్ళొచ్చాడు. అప్ప పెరడంతా చీపురుతో ఊడ్చింది.

ఓడ వచ్చిన రోజు ముగ్గురం బండి కట్టించుకుని గోపాల్‌పూర్ వెళ్ళాం. సముద్రం అప్పటికే రంగు మారుతోంది. ఇసక మీద రంగం వెళ్ళేవాళ్ళు మూటల మీద కూర్చున్నారు, వాళ్ళ ఆడవాళ్ళు పక్కన. బావ పంచె పైకి కట్టి నిలబడ్డాడు.

"ఆ దినం కూత నాకూ ఇనపడింది మావా," అంది అప్ప.

బావ ఆమె వైపు తిరిగాడు. "ఎక్కడ్నుంచి?"

"ఉప్పుమడుల కాడి నుంచి."

ఆయన తలూపాడు. "అక్కడే మొదలైనాది," అన్నాడు.

పడవవాళ్ళు పిలుస్తున్నారు.

"కారు నేకపోతే ఏటి," అంది అప్ప. "ఉండిపో."

"ఉండి ఏటి సెయ్యను?"

"నాను సేపలమ్ముతన్నాను కదా."

"నువ్వమ్ముతావు. నాను ఏటి సెయ్యను?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. ఎవరైనా చెబితే వినేలా నిలబడ్డాడు కూడా. అప్ప నా వైపు చూసింది. నాకు తెలిసింది అక్షరాలు పేర్చడం ఒక్కటే. మా అచ్చాఫీసులో ఇంకో మనిషికి చోటు లేదు. అన్నదమ్ముల పడవల్లో ఉన్నవాళ్ళకే చేపలు చాలడం లేదు, చిన్నప్పుడే ఊరొదిలిన ఆయనకు వల వెయ్యడం చేతకాదు. ఇవన్నీ ఆయనకు తెలుసు. బావ మూట భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగాడు.

ఆయన ఎక్కిన పడవకు చుక్కాని తెడ్డు పట్టింది సొంత అన్నే. మొదటి అల లేచినప్పుడు కొత్తవాళ్ళందరూ కేకలు వేశారు. రామయ్యపట్నంలో పుట్టిన మా బావ కూడా వాళ్ళలాగే పడవ అంచును రెండు చేతులతో పట్టుకుని తల దించుకున్నాడు. పడవ అల మీదికెక్కి దిగింది. అప్ప కొంగు తల మీదుగా లాక్కుని, "పద, ఎండెక్కుతన్నాది," అని బండి వైపు నడిచింది. నేను ఇంకాస్త నిలబడ్డాను, ఒక్కసారి వెనక్కి చూస్తాడేమోనని. చూడలేదు. తెడ్డు తిప్పుతున్న అన్న చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు.